ఉప్పుకొఠారు దగ్గర మోగిన విల్లు

నేను ఒట్టు పెట్టను. అల్లా పేరును చిన్నదానికీ పెద్దదానికీ నోట్లో ఆడించకూడదని మా నాయన నేర్పాడు. అందుకని ఒట్టుకు బదులు, నమాజుకు ముందులా కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకుని, తలమీద కొంగు సర్దుకుని, కూర్చుని రాస్తున్నాను. ఇందులో ఒక్క మాట కల్పించినా, రేపు అందరూ లేచి నిలబడే చోట జవాబు చెప్పుకోవలసింది నేనే.

జరిగింది. నాకే జరిగింది. పోయిన చలికాలం, ఒక గురువారం, పొద్దుగూకి మగ్రిబ్ నమాజు దాటాక.

నమ్మకపోయినా పరవాలేదు. వినండి. వినేవాళ్ళు ఉండటమే నాకు మేలు.

నేను బడికి పోలేదు. మా నాయన పరుపులు కుట్టుకుంటూ పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించాడు, దువాలు నేర్పాడు. పెళ్ళయి వచ్చిందీ పరుపులు కుట్టే ఇంటికే. గూడూరులో నిమ్మకాయల మార్కెట్టు వెనక వీధి. ఆయన పేరు ఇక్కడ రాయను. మా ఇళ్ళల్లో పెళ్ళాం మొగుడి పేరు పలకదు. ఆయన కూడా నన్ను పేరు పెట్టి పిలవలేదు. పదకొండేళ్ళు.

మరి ఎలా పిలుచుకునేవాళ్ళు అంటారా... ఆయనకు విల్లు ఉంది. నాకు మూత ఉంది.

దూది ఏకే విల్లు మీలో చాలామంది చూసి ఉండరు. మనిషంత పొడుగు కర్ర. దానికి బిగించిన నరం. చెక్క గూటంతో ఆ నరాన్ని కొడుతుంటే గడ్డకట్టిన పాత దూది పొడిపొడిగా లేచి మబ్బులా పరుచుకుంటుంది. ఇప్పుడంతా మిషన్లు. మా వీధిలో ఆయనొక్కడే ఇంకా విల్లు భుజాన వేసుకుని, సైకిలు మీద సముద్రం పక్క ఊళ్ళు తిరిగేవాడు. సాయంత్రం ఇంటికొస్తూ వీధి మలుపులో ఆగేవాడు. నరం మీద రెండు దెబ్బలు. కర్ర మీద ఒకటి.

తుంయ్... తుంయ్... టక్.

వంటింట్లోంచి నేను అన్నం గిన్నె మూత మీద గరిటెతో ఒక్కటి కొట్టేదాన్ని. ఠంగ్. అంటే, ఉన్నాను, రా, అని. అంతే. కర్ర మీద ఆ 'టక్' మాత్రం ఇంకెవరూ కొట్టరు. అది ఆయన అలవాటు.

ఆ ఊళ్ళ పక్కనే పోర్టు. దానికి ఎదురుగా, ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట, ఒక దీవి ఉంది. దీపందిబ్బ అంటారు. దాని మీద పాత దీపస్తంభం, కుంఫిణీ కాలంనాటి ఉప్పుకొఠారు, దొరల గోరీలు, చిన్న దర్గా, పడవలవాళ్ళ సత్రం. చుట్టూ నడవడానికి ఇటుకల బాట వేశారు. ఆదివారాలు నెల్లూరు నుంచి జనం వచ్చి, గంటలో దీవి చుట్టి, ఫోటోలు దిగి పోతారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు కూడా నడవగలిగిన నడక.

ఆ సత్రంలో పాత పరుపులు ఏకి కుట్టాలని ఆయన్ను పిలిచారు. మూడు రోజుల పని. మూడో సాయంత్రం పని ముగించి, పడవ కోసం ఆగకుండా, నీళ్ళు వెనక్కి తీసి ఉన్నాయి కదా అని ఏట్లోకి దిగి నడిచాడట. దిగడం చూసినవాళ్ళు ఉన్నారు. ఇవతల ఒడ్డుకు ఎక్కడం ఎవరూ చూడలేదు. సైకిలు సరుగుడు చెట్టుకు ఆనించినట్టే ఉంది.

మనిషి దొరకలేదు. విల్లూ దొరకలేదు.

"మనిషి మునుగుతాడు. కర్ర మునగదు గదా మే?" అని మా అత్త అడుగుతూనే ఉండేది. ఎవరిని అడుగుతుందో తెలియదు.

పెద్దలు జాగ్రత్తకని, మొగుడు పోయినదాన్ని కూర్చోబెట్టినట్టు, నన్ను ఇద్దత్ కూర్చోబెట్టారు. నాలుగు నెలల పది రోజులు గడప దాటలేదు. కానీ పోయినవాళ్ళ పేర అన్నం పెట్టి చదివే ఫాతెహా మాత్రం చదివించలేదు. మూడో రోజు లేదు, నలభయ్యో రోజు లేదు. ఎందుకంటే, బతికున్న మనిషి పేర ఫాతెహా చదివిస్తే ఆయుష్షు మనమే తుంచినట్టు. పోయిన మనిషికి చదివించకపోతే ఆకలితో వాకిట్లో నిలబెట్టినట్టు. ఏది చేసినా తప్పే కావచ్చు.

"నా నోటితో నేను చెప్పను. కన్నదాన్ని. కట్టుకున్నదానివి నువ్వు చెప్పు మే. చదివించమంటే చదివిద్దాం" అంది అత్త.

చివరికి పెద్దలు ఒక శుక్రవారం ఖాయం చేశారు. జుమా నమాజు అయ్యాక మసీదు హజ్రత్ ఇంటికి వస్తాడు. అప్పటికి నేను అవుననో కాదనో చెప్పాలి.

నాకు ఏమీ అనిపించలేదు. దీన్ని ఎలా రాయాలో తెలియడం లేదు. తలలో ఎవరో దూది కూరి కుట్టేసినట్టు ఉండేది. ఏడుపు రాలేదు. కూర్చోమంటే కూర్చున్నాను. తినమంటే తిన్నాను. తినమని చెప్పే మనుషులున్నారు, దానికి వేల శుక్రియాలు. అది తెలుసు. తెలియడమే, అనిపించడం లేదు.

ముందురోజు, గురువారం పొద్దున, నసీమా వచ్చింది. నసీమా నా ఆడబిడ్డ, ఆయన చెల్లెలు. నోరు ఊరుకోని పిల్ల.

"లెయ్ వదినా. ఆ దిబ్బ ఎట్టుండాదో ఒకసారి నీ కళ్ళతో చూడు. దర్గాలో మలీదా పెట్టి, ఒక చుట్టు నడిచొద్దాం. రేపేం చెప్పాలో ఆడ తెలుస్తుందేమో. ఇంట్లో కూర్చుంటే గోడ చెప్తదా?"

రొట్టెలు చిదిమి, బెల్లం, నెయ్యి కలిపి మలీదా చేశాను. స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించాను.

రేవులో పడవ నడిపే ఆయన పేరు పోలయ్య. మేమెవరమో అతనికి చెప్పలేదు.

"ఎక్కండమ్మా. ఈరోజు జనం లేరు. దీవంతా మీకే, రాజభోగం."

"రాజభోగమైతే గొడుగేదన్నా?" అంది నసీమా.

"ఆ డబ్బాలోంచి నెయ్యి వాసనొస్తుండాది. నాకింత పెడితే గొడుగేంది, పల్లకీ కూడా మోస్తా."

"ముందు పడవ మొయ్యి సామీ, మునగకుండా."

అని నాలుక కరుచుకుంది. నా వైపు చూసింది. నేను నీళ్ళ వైపు చూస్తున్నాను. ఏరు ఎంతో లోతున్నట్టు లేదు. పచ్చగా, మెల్లగా పోతోంది. ఇదా... అనుకున్నాను. అంతే.

"మగ్రిబ్ చదువుకుని వస్తాం" అని నసీమా చెప్తే, "చీకటి పడేదాకా ఉంటా. ఆపైన ఉండాలంటే మా ఇంట్లో ఆమె సంతకం కావాల" అన్నాడు పోలయ్య.

నడిచాం. నిజంగా తేలిక నడక. ఎండ తగ్గింది. ఒక వైపు సముద్రం, ఇంకో వైపు ఏటికి అవతల పోర్టు క్రేన్లు, నిలబడి ఉన్న ఓడలు. బాట పక్కన కూర్చోవడానికి బల్లలు. దీపస్తంభం పైభాగం ఎప్పుడో కూలిపోయింది. లోపల మెట్లు సగం దాకా వెళ్ళి ఆగిపోతాయి. ఆ ఆగినచోట పావురాలు. దొరల గోరీల మీద అక్షరాలు అరిగిపోయాయి. మేం దగ్గరికి పోతే రాళ్ళ కిందికి ఎండ్రకాయలు జరజరా దూరాయి.

ఆయన ఇక్కడే నడిచాడు కదా అనుకున్నాను. ఆ మాట లోపలికి దిగలేదు. పైనే తేలుతూ ఉండిపోయింది.

సత్రానికి తాళం వేసి ఉంది. కిటికీలోంచి చూశాను. చాపల మీద పరుపులు పేర్చి ఉన్నాయి. మూలల్లో కుట్టు చూడగానే తెలిసింది. ఆయన మూల దగ్గర దారం మూడు చుట్లు తిప్పి లాగుతాడు. ఊచల మధ్య చెయ్యి పెట్టాను. అందలేదు.

"ఇక్కడే ఏడువు వదినా. ఈడెవరూ లేరు" అంది నసీమా మెల్లగా.

రాలేదు.

దర్గా చూసుకునే ముజావర్ లేడు, సాయంత్రానికే ఒడ్డుకు పోతాడట. నసీమా నిప్పులు రాజేసి లోబాన్ సాంబ్రాణి వేసింది. ఒక మాట గుర్తు పెట్టుకోండి... ఆ పొగ నిలువుగా లేచింది. దారం వేలాడదీసినట్టు. గాలి లేదు. ఒక్క ఆకు కదల్లేదు.

మలీదా పెట్టాం. నమాజు చదువుకున్నాం. నేను చేతులెత్తి ఏమి అడగాలో తెలియక, ఇప్పటిదాకా ఇచ్చినదానికి శుక్రియా అని మాత్రం చెప్పాను. మిగిలిన మలీదా పోలయ్యకని నసీమా ఒక కాగితంలో పొట్లం కట్టుకుంది. ఖాళీ డబ్బా నా చేతిలో ఉంది.

బయటికి వచ్చేసరికి చీకటి. పోర్టులో దీపాలు వెలిగాయి. ఆ వెలుగు నీళ్ళ దాకా వస్తుంది, దీవి దాకా రాదు. రేవుకు పోవాలంటే ఉప్పుకొఠారు పక్కనుంచే బాట. పైకప్పు లేని కొఠారు. మోచెయ్యంత మందం గోడలు. ఒక్కటే వాకిలి, తలుపు లేదు. పగలు ఆ పక్కనుంచే పోయాం. అందులో ఏముందో చూడాలని కూడా అనిపించలేదు.

నసీమా ముందు నడుస్తోంది, ఫోను లైటు కింద పట్టుకుని. నేను నాలుగడుగులు వెనక. చెప్పుల చప్పుడు. దూరంగా ఓడ ఇంజను గొణుగుడు. ఇంకేం లేదు.

వాకిలికి ఎదురుగా వచ్చాను.

తుంయ్...

ఆగాను.

నసీమా ఆగలేదు. నడుస్తూనే ఉంది.

నరం మోగాక గాలిలో కొంచెంసేపు వణుకుతుంది. వినే చెవికి తెలుస్తుంది. ఆ వణుకు మెల్లగా... మెల్లగా... సన్నబడింది. పూర్తిగా పోకముందే...

తుంయ్...

కొఠారు లోపలి నుంచి. నా నుంచి పదడుగులు ఉంటుంది ఆ వాకిలి. లోపల నలుపు తప్ప ఏమీ లేదు. నాకు భయం వేయలేదు. అదే ఇప్పుడు తలుచుకుంటే భయం. ఒకటి మోగితే గాలి అనుకోవచ్చు. రెండు మోగినా ఏదో తీగ అనుకోవచ్చు. మూడోది... రాకూడదని నిలబడ్డానో, రావాలని నిలబడ్డానో... నాకు ఇప్పటికీ తెలియదు.



టక్.

కర్ర మీద చెక్క. పొడిగా. ఒక్కటే.

తలలో దూదంతా ఒక్కసారి కదిలినట్టయింది. పిలవాలి. ఎలా పిలవాలి? పేరు పెట్టి అరవాలి. నోరు తెరిచాను. పేరు లేదు. ఎన్నడూ నాలుక మీద పెట్టని పేరు, వెతికితే దొరకలేదు. నిజం చెప్తున్నాను, ఆ క్షణాన నా మొగుడి పేరు నాకు గుర్తుకు రాలేదు.

చెయ్యి దానంతటదే కొంగు ముడిలోంచి తాళంచెవి తీసింది. డబ్బా మూత మీద కొట్టింది.

ఠంగ్.

ఒక్కసారి. ఒక్కసారే కొట్టాను.

మా ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. దీపాలు పెట్టాక బయటి నుంచి పిలుపు వినిపిస్తే, మూడుసార్లు పిలిచేదాకా పలకకూడదు. మొదటి పిలుపు మనిషిదో కాదో తెలియదు. నేను విన్నవి మూడు దెబ్బలు. కానీ పిలుపు ఒక్కటే. అది అప్పుడు తట్టలేదు. పదకొండేళ్ళు ఒక్క పిలుపుకే పలికినదాన్ని... చెయ్యి ఆగుతుందా?

మూత మోత ఆగిపోయాక... నిశ్శబ్దం.

నసీమా గిరుక్కున తిరిగింది. లైటు నా ముఖం మీద పడింది.  పరుగెత్తుకొచ్చి నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"గమ్మునుండు వదినా... గమ్మునుండు. వెనక్కి చూడబాక. రా."

"లోపలికి పోయి చూస్తా."

"రా అంటుండా గదా!"

"పదడుగులే నసీమా... పదడుగులే."

లాగింది. ఆ పిల్ల నాకంటే సన్నం. గట్టిగా నిలబడితే నన్ను కదిలించలేదు. నేను గట్టిగా నిలబడలేదు. నా కాళ్ళు ఆమె వెంట పోయాయి. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే రాస్తున్నాను.

"ఏందమ్మా అట్టా ఉరికొస్తుండారు? కుక్కలు తరిమినాయా?" అన్నాడు పోలయ్య.

"తియ్యన్నా. ముందు తియ్యి."

మలీదా పొట్లం ఎక్కడ పడేసిందో కూడా నసీమాకు తెలియదు. అతనూ అడగలేదు. ఇంజను కొట్టాడు. దీవి వెనక్కి పోతోంది. నేను చెవులు రిక్కించి కూర్చున్నాను. ఇంజను మోతలో ఏమీ వినపడదు. ఒక్క నిమిషం ఇంజను ఆపమని అడగాలనుకున్నాను. 

అడగలేదు.

గూడూరు బస్సు ఎక్కాం. సగం దూరం వచ్చాక నేనే అన్నాను.

"నువ్వు కూడా విన్నావు గదా. మీ అన్న విల్లు."

నసీమా నా వైపు తిరిగింది.

"ఏ విల్లు?"

"కొఠారులో. తుంయ్, తుంయ్, టక్. ఆయన కొట్టే..."

"నేనేం విల్లు వినలేదు వదినా."

"మరెందుకట్టా లాక్కొచ్చినావు?"

నా ఒళ్ళో డబ్బా వైపు చూసింది. 

"నువ్వు మూత కొట్టినావు గదా."

"కొట్టినా."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారి."

"నేను రెండు విన్నా వదినా. ఒకటి నీ చేతిలోది. దాని ఎనకాలే ఇంకొకటి. అచ్చం అదే మూత... లోపల్నించి."

బస్సులో లైట్లు ఆర్పేశారు. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా నసీమా నా చెయ్యి వదల్లేదు.

నేను విన్నది ఆయన పిలుపు. ఆమె విన్నది నా జవాబు, రెండుసార్లు. ఒకే చోట, నాలుగడుగుల దూరంలో ఉన్నాం ఇద్దరం.

శుక్రవారం తెల్లవారకముందే, మేం చెప్పింది విని, మా మరిది, అంటే ఆయన తమ్ముడు, నలుగురిని వెంటబెట్టుకుని దీవికి పోయాడు. అత్త వాకిట్లోనే కూర్చుంది, కాళ్ళు చాపుకుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని. తొమ్మిది గంటలప్పుడు మోగింది. తను ఎత్తలేదు. నాకు ఇచ్చింది.

"అంతా చూసినాం వదినా. కొఠారులో ఏం లేదు. మేకల పెంట, పగిలిన సీసాలు. సత్రం, గోరీలు, అన్నీ వెదికినాం. దీపస్తంభం కాడ మాత్రం పాత తీగ ఒకటి ఏలాడతా ఉండాది. గాలికి అదే మోగిందేమో. నేను కొడతా, విను."

ఫోనులో వినిపించింది. తుంయ్...

దగ్గర దగ్గర అలాగే ఉంది.

"ఇదేనా వదినా?"

అవును అంటే, ఆయన లేడు. కాదు అంటే, ఆయన్ను అక్కడ వదిలేసి వచ్చాను.

లోబాన్ పొగ నిలువుగా లేచింది కదా, గాలి ఎక్కడిది... అనుకున్నాను. దీపస్తంభం దీవికి ఆ చివర కదా, నేను విన్నది పదడుగుల్లో కదా... అనుకున్నాను. తీగకు 'టక్' ఎక్కడిది... అనుకున్నాను. 

"వదినా? ఉండావా?"

"ఉండాను. రండి. అన్నం వేళవుతుంది" అన్నాను.

జుమా అయ్యింది. హజ్రత్ వచ్చాడు. చాప పరిచాం. అన్నం, పప్పు, మా ఆయనకు ఇష్టమైన ఎండుచేపల పులుసు, గ్లాసుతో నీళ్ళు. నేను పరదా ఇవతల కూర్చున్నాను. హజ్రత్ అడిగాడు.

"ఎవరి పేర చదవాలమ్మా?"

 అత్త నా వైపు చూసింది. నసీమా నేల వైపు చూసింది. నా దగ్గర ఆయన పేరు ఉంది, అప్పుడు గుర్తుంది, నాలుక చివరనే ఉంది. పలికితే ఆయన పోయినట్టు. పలకకపోతే ఆకలితో నిలబెట్టినట్టు.

"నీళ్ళల్లో పోయినోళ్ళందరి పేరా చదవండి హజ్రత్" అన్నాను. "ఇంకా ఇల్లు చేరనోళ్ళందరి కోసమూ దువా చెయ్యండి."

 హజ్రత్ అలాగే చదివాడు. అంతకుమించి అడగలేదు. ఆ మంచితనానికి ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. అత్త నా తల మీద చెయ్యి పెట్టి, తన నుదురు నా భుజానికి ఆనించి ఏడ్చింది. నాకు రాలేదు. రావాలని చూశాను.

జరిగింది ఇంతే. అది ఆయనా, ఆయన కానిదా, తీగా, నా చెవా... నాకు తెలియదు. నసీమాను అడిగితే ఇప్పటికీ రెండు మూతలే అంటుంది. ఒక్కటి కూడా తగ్గించదు.

ఆ రోజు నుంచి సాయంత్రం అన్నం గిన్నె మీద మూత పెట్టేటప్పుడు మధ్యలో గుడ్డ పెడుతున్నాను. చప్పుడు కాకుండా. అత్త చూస్తుంది. మూత మోగితే వీధి మలుపులో విల్లు మోగుతుందేమో అని ఒక భయం. ఈ వంటింట్లోనే, నా వెనక, రెండో మూత మోగుతుందేమో అని ఒక భయం.

ఒకవేళ... ఏదీ మోగకపోతే?

గుడ్డ ఇంకా తీయలేదు.